తాతయ్య వాల్వు రేడియో మరమ్మతు డైరీ: 49 గంటలు, 3,810 రూపాయలు

చీరాలలో మా ఇంటి అటక మీద ముప్ఫై ఏళ్లకు పైగా పడి ఉన్న తాతయ్య రేడియోను మళ్లీ పలికించిన పని ఇది. మీ ఇంట్లోనూ ఇలాంటి సెట్టు ఉంటే నేను చేసినవి చేయండి, చెడగొట్టినవి మాత్రం చెడగొట్టకండి. అందుకే తప్పుల దగ్గరే ఎక్కువసేపు ఆగాను.

సెట్టు వివరాలు: చెక్క పెట్టె, ఒక మీడియం వేవ్, రెండు షార్ట్ వేవ్ బ్యాండ్లు. వాల్వులు (ట్రాన్సిస్టర్ల కంటే ముందు వాడిన గాజు గొట్టాలు) ఆరు: ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈబీసీ81, ఈఎల్84, ఈజెడ్80, స్టేషను సరిగ్గా పట్టిందో లేదో వెలుగుతో చూపే పచ్చకన్ను ఈఎం80. ఐఎఫ్ (ఏ స్టేషనునైనా సెట్టు లోపల మార్చుకునే ఒకే ఫ్రీక్వెన్సీ) 455 కిలోహెర్ట్జ్. లోపల అడుగున పోస్టాఫీసు వాళ్లిచ్చిన లైసెన్సు పుస్తకం, తాతయ్య సంతకంతో, దొరికింది. రేడియో వినాలంటే ఏటా డబ్బు కట్టి స్టాంపు వేయించుకోవాల్సిన రోజులవి.

ఈ పెట్టెను ఖాళీ చేసి బ్లూటూత్ బోర్డు పెడితే రెండు గంటల్లో అయిపోతుంది. చాలామంది అదే చేస్తున్నారు. నాకు మనసొప్పలేదు. వెనక అట్ట తీస్తే ఏ వాల్వు ఎక్కడ ఉండాలో ఛాసీ (భాగాలన్నీ బిగించిన లోహపు చట్రం) మీదే అచ్చేసి ఉంది, అట్ట లోపలి వైపు సర్క్యూట్ బొమ్మ అతికించి ఉంది. తర్వాత ఎవరో ఒకరు దీన్ని విప్పి బాగుచేస్తారని తెలిసి తయారుచేసిన వస్తువు. దాన్ని రేడియోగానే నిలబెట్టాలని మొదటి రోజే అనుకున్నాను.

దశ 1: విప్పడం, తుడవడం, భద్రత

ముందు ఒక మాట. మీ సెట్టులో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉందో లేదో చూడండి. వాల్వుల పేర్లు ‘యూ’ అక్షరంతో (యూసీహెచ్81, యూఎల్84 లాగా) మొదలైతే అది ఏసీ/డీసీ సెట్టు. అందులో ఛాసీకే నేరుగా కరెంటు వస్తుంది. దానికి కింద నేను చెప్పే ఎర్తు వైరు పని పనికిరాదు, ప్రమాదం. నాది ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు.

1. పాత రెండు తీగల వైరు తీసేసి మూడు తీగల వైరు వేశాను. ఎర్తు ఛాసీకి బిగించాను. ఫేజు దారిలో 1 ఆంపు ఫ్యూజు పెట్టాను.
2. 60 వాట్ల పాత రకం బల్బుతో సీరీస్ లైను చేసుకున్నాను. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు కాలదు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు.
3. కండెన్సర్లు డిశ్చార్జి చేయడానికి 10 కిలో ఓముల రెసిస్టరుకు క్లిప్పులు కట్టి ఉంచుకున్నాను. ఇందులో 250 ఓల్టులకు పైగా డీసీ ఉంటుంది. సెట్టు ఆన్‌లో ఉన్నప్పుడు ఒక చెయ్యి జేబులోనే ఉండాలి.
4. సముద్రపు గాలికి ఛాసీ మీద తెల్లటి పొర కట్టింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పెయింటు కుంచెతో రెండు సార్లు తుడిచాను.

తప్పు నంబరు 1 ఇక్కడే జరిగింది. డయల్ అద్దం లోపలి వైపు దుమ్ము ఉందని అదే కుంచె తడిపి ఒక మూల రాశాను. బంగారు రంగు అంకెలు అద్దం వెనక వైపే అచ్చేసి ఉంటాయి. ‘25 మీటర్లు’ గుర్తు కుంచెకు అంటుకుని వచ్చేసింది. అద్దం ముందు వైపు ఎంతైనా తుడవండి. వెనక వైపు మాత్రం పొడి కుంచెతో దుమ్ము దులపడమే, అంతకుమించి ఏమీ వద్దు.

ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకరు కరెంటు ఇవ్వకుండానే కొలిచాను. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ 420 ఓములు, స్పీకరు కాయిల్ 3 ఓములు. రెండూ బతికే ఉన్నాయి. పోతే దొరకడం కష్టమయ్యేవి ఇవే కాబట్టి ఆ రాత్రి ప్రశాంతంగా పడుకున్నాను. స్పీకరు కోను అంచు ఎలక కొరికింది. టిష్యూ కాగితం ముక్క, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అతికించాను, ఇప్పటికీ నిలిచింది.

ఖర్చు: ఆల్కహాల్ 240, వైరు, ప్లగ్గు 180, ఫ్యూజు, హోల్డరు 60, సీరీస్ బల్బు సామాను 110.
మొత్తం ఇప్పటికి: రూ. 590, 6 గంటలు.

దశ 2: పవర్ సప్లై

రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే వాల్వు) ఈజెడ్80 పీకేసి, సీరీస్ బల్బు ద్వారా కరెంటు ఇచ్చాను. బల్బు ఒక్కసారి వెలిగి సన్నగిల్లింది. అంటే ట్రాన్స్‌ఫార్మర్ బాగుంది. బల్బు తీసి నేరుగా ఇచ్చి హీటరు ఓల్టేజీ కొలిచాను: 6.3 ఉండాల్సింది 6.9 వచ్చింది. మా ఇంట్లో ఆ పూట 243 ఓల్టులు ఉన్నాయి, సెట్టేమో 220 ఓల్టుల ట్యాపు (మెయిన్స్ ఓల్టేజీకి తగ్గట్టు ట్రాన్స్‌ఫార్మర్ మీద మార్చుకునే కనెక్షన్) మీద ఉంది. 240 ట్యాపుకు మార్చాక 6.4. ఈ చిన్న పని మరిచిపోవద్దు. వాల్వుల ఆయుష్షు దీని మీదే ఉంది.

తర్వాత 50+50 మైక్రోఫారడ్ డబ్బా కండెన్సరు. పాతదాన్ని బతికించవచ్చని విని, రెసిస్టరు ద్వారా నెమ్మదిగా ఓల్టేజీ ఎక్కిస్తూ రెండు గంటలు కూర్చున్నాను. లీకేజీ 9 మిల్లీఆంపుల దగ్గర ఆగింది. డబ్బా వెచ్చబడింది. ఆపేశాను. వెచ్చబడిన ఎలక్ట్రోలైటిక్ కండెన్సరు పగిలే అవకాశం ఉంది, దాని మీద జాలి చూపకండి.

తప్పు నంబరు 2: షాపులో 47 మైక్రోఫారడ్ 450 ఓల్టులవి లేవు. 100 తీసుకెళ్లండి, ఎక్కువ ఉంటే హమ్ (కరెంటు గుంయ్ శబ్దం) ఇంకా తగ్గుతుంది అన్నారు. తెచ్చి వేశాను. హమ్ నిజంగానే తగ్గింది. కానీ సెట్టు వేడిగా ఉన్నప్పుడు ఒకసారి ఆపి వెంటనే వేస్తే ఈజెడ్80 లోపల నీలంగా మెరుపు మెరిసింది. అప్పుడు వాల్వు వివరాల పట్టీ తీసి చూశాను: దాని తర్వాత వేసే మొదటి కండెన్సరు 50 మైక్రోఫారడ్ దాటకూడదు. ఖాళీ కండెన్సరు నిండే క్షణంలో లాగే కరెంటుకు క్యాథోడ్ (ఎలక్ట్రాన్లు వెదజల్లే భాగం) తట్టుకోలేదు. రెండూ పీకేసి 47 చొప్పున కొరియర్‌లో తెప్పించుకున్నాను.

పాత డబ్బాను పైనే ఉంచాను, తీగలు మాత్రం తెంపాను. కొత్తవి ఛాసీ కింద. పై నుంచి చూస్తే సెట్టు తాతయ్య చూసినట్టే ఉంటుంది.

ఈజెడ్80 బదులు 1ఎన్4007 డయోడ్లు వేయమని ఒకరు చెప్పారు. వేయలేదు. డయోడ్లయితే స్విచ్ వేసిన క్షణమే హైటెన్షన్ (వాల్వులకు వెళ్లే ఎక్కువ డీసీ ఓల్టేజీ) వచ్చేస్తుంది, మిగతా వాల్వులు వేడెక్కేలోపు కండెన్సర్ల మీద ఓల్టేజీ గరిష్ఠానికి పోతుంది. ఈజెడ్80 తనూ నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి అన్నీ కలిసి మేలుకుంటాయి. బాగా ఆలోచించి చేసిన ఏర్పాటు, కదిలించడం ఎందుకు?

ఖర్చు: సరైన కండెన్సర్లు 160, తప్పువి 190, కొరియర్ 90.
మొత్తం ఇప్పటికి: రూ. 1,030, 11 గంటలు.

దశ 3: ఎర్రబడిన ఈఎల్84

అన్ని వాల్వులూ పెట్టి ఆన్ చేశాను. అర నిమిషానికి స్పీకరులో సన్నటి హమ్, తర్వాత గరగర. రెండో నిమిషంలో గది లైటు ఆపి చూస్తే, స్పీకరును నడిపే ఈఎల్84 లోపలి ప్లేటు మధ్యలో రూపాయి బిళ్లంత మేర ముదురు ఎరుపు. వెంటనే ఆపేశాను.

వాల్వు పోయిందనుకున్నాను. అది బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ముద్ర ఉన్న వాల్వు. బెంగళూరులో తయారైంది, గాజు మీద అక్షరాలు ఇంకా చెదరలేదు. పోయిందనుకుని చాలా బాధపడ్డాను. 900 పెట్టి ఇంకో ఈఎల్84 తెప్పించాను. పెట్టాను. అదే ఎరుపు.

అప్పుడు మా ఊళ్లో ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు షాపు లేదు, చూపు కూడా మందగించింది. విషయం చెప్పగానే, “కొలిచావా బాబూ?” అన్నారు.

“లేదండీ, వాల్వు మార్చాను.”

“ముందు గ్రిడ్డు చూడు. గ్రిడ్డు మీద సున్నా లేకపోతే కప్లింగ్ కండెన్సర్ లీకు. వాల్వు జోలికి పోకు. రోగం ముందు గదిలో ఉంటే వెనక గదిలో మందేస్తే ఎట్టా?”

ఇంటికొచ్చి కొలిచాను. వాల్వులు వేడెక్కాక ఒక్కోసారి పది సెకన్లకు మించి ఆన్‌లో ఉంచలేదు.

- గ్రిడ్డు (ఈఎల్84లోకి పాట వచ్చే కాలు): ప్లస్ 7.8 ఓల్టులు (సున్నా ఉండాలి)
- క్యాథోడ్: 11.7 ఓల్టులు. క్యాథోడ్ రెసిస్టరు 150 ఓములు కాబట్టి 78 మిల్లీఆంపులు
- హైటెన్షన్: 236 ఓల్టులు

ఈజెడ్80 ఇవ్వగలిగిందే 90 మిల్లీఆంపులు. ఒక్క ఈఎల్84 78 తాగేస్తుంటే మిగతా వాల్వులవి కలిపి హద్దు దాటిపోయింది. ఎరుపు ఈఎల్84లో కనిపించింది, చచ్చేది మాత్రం ఈజెడ్80, దాని వెనకే ట్రాన్స్‌ఫార్మర్.

అసలు దోషి ఆయన చెప్పిన కప్లింగ్ కండెన్సరే, మైనం పూసిన 0.01 మైక్రోఫారడ్ కాగితపుది. ఈబీసీ81 ప్లేటు మీది 80 ఓల్టుల డీసీని ఆపి, పాటను మాత్రం వదలడం దాని పని. దాన్ని విప్పి మల్టీమీటరులో ఓములు చూస్తే ఓపెన్ అనే చూపించింది. మీటరు ఇచ్చేది ఒకటి రెండు ఓల్టులు, లీకేజీ బయటపడేది 80 దగ్గర. కాబట్టి ఓముల్లో చూసి ‘బాగుంది’ అనకండి. నమ్మదగిన పద్ధతి ఇది:

1. కండెన్సరు గ్రిడ్డు వైపు కాలు ఊడదీయండి, ఇంకో కాలు అలాగే ఉంచండి.
2. ఈఎల్84ను బేస్ నుంచి తీసి సెట్టు ఆన్ చేయండి.
3. ఊడిన కాలికీ ఛాసీకీ మధ్య డీసీ ఓల్టేజీ చూడండి. కొన్ని సెకన్లలో సున్నా దగ్గరికి దిగాలి. నాది 40 దగ్గర నిలబడిపోయింది.

ఆ ఒక్కటి మార్చాక:

- గ్రిడ్డు: 0.0
- క్యాథోడ్: 6.6 ఓల్టులు, అంటే 44 మిల్లీఆంపులు
- హైటెన్షన్: 258 ఓల్టులు

పాత బీఈఎల్ వాల్వునే తిరిగి పెట్టాను. చక్కగా పనిచేస్తోంది. కొన్నది పెట్టెలో స్పేరు. రెండు మూడు నిమిషాలు కూడా ఎర్రబడనివ్వలేదు కాబట్టే అది బతికింది.

మిగతా మైనపు కండెన్సర్లన్నీ, మొత్తం 11, 630 ఓల్టుల పాలియెస్టరువి వేశాను. ఒక్కోటి మార్చి, ఆన్ చేసి చూసి, తర్వాతదానికి వెళ్లాను. అన్నీ ఒకేసారి మారిస్తే ఎక్కడ తప్పు తీగ కలిపామో వెతుక్కోవాలి. 23 కార్బన్ రెసిస్టర్లలో 9 ఇరవై శాతానికి మించి పెరిగాయి: ఒక 220 కిలో ఓములది 340కి పోయింది, పచ్చకన్ను దగ్గరి 470 కిలో ఓములది ఏకంగా 1.2 మెగా ఓములు చూపించింది. అది మార్చాకే కన్ను తెరుచుకుని మూసుకోవడం మొదలుపెట్టింది. వెలుగు మాత్రం పాతబడింది, చీకటి పడితేనే కనిపిస్తుంది. ఓల్టేజీ పెంచి మెరిపించవచ్చంటారు, అలా చేస్తే ఉన్న కాస్తా త్వరగా పోతుంది. వదిలేశాను.

ఖర్చు: పాలియెస్టర్ కండెన్సర్లు 220, రెసిస్టర్లు 150, ఈఎల్84 900.
మొత్తం ఇప్పటికి: రూ. 2,300, 20 గంటలు.

దశ 4: డయల్ దారం, ఐఎఫ్‌టీలు

ఇక్కడ 12 గంటలు పోయాయి, సగం నా తొందర వల్లే.

డయల్ దారం తెగి ఉంది. ముందు చేపల గాలానికి వాడే ఒంటిపోగు నైలాన్ వేశాను. కుదురుగా కనిపించింది గానీ స్పిండిల్ మీద జారింది. బిగిస్తే సాగింది, రెండు రోజుల్లో ముల్లు ఒక సెంటీమీటరు పక్కకు పోయింది. మా వీధిలో మగ్గం నేసే బాబాయి చూసి, “దానికి సాగని తాడు కావాలి, ఉండు” అని జకార్డ్ మగ్గానికి వేలాడే సన్నటి అల్లిక తాడు మీటరున్నర కత్తిరించి ఇచ్చాడు. రోజంతా వేలసార్లు లాగినా సాగకూడదు కాబట్టి మగ్గానికి అలాంటిదే వాడతారు. స్పిండిల్ మీద మూడు చుట్లు, డ్రమ్ములో స్ప్రింగు సగం సాగేంత బిగువు. రెండు నెలలైంది, ముల్లు కదల్లేదు. గాలిపటం మాంజా మాత్రం వాడకండి, గాజుపొడి పుల్లీలను కోసేస్తుంది.

తప్పు నంబరు 3, అన్నిట్లోకీ పెద్దది. ఐఎఫ్‌టీ (ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్) కోరును, అంటే దాన్ని ట్యూన్ చేయడానికి తిప్పే ఫెర్రైట్ ముక్కను, మామూలు ఇనప స్క్రూడ్రైవరుతో తిప్పాను. ఏళ్ల తరబడి మైనంలో ఇరుక్కున్న కోరు. పటుక్కుమంది. ఫెర్రైట్ నిలువునా చీలి, కాయిల్ లోపలే బిగుసుకుపోయింది. తుక్కు సెట్టు నుంచి తీసిన 455 ఐఎఫ్‌టీ 350కి దొరికే దాకా మూడు వారాలు పని ఆగింది. కొలతలు కలవక ఛాసీకి కొత్తగా రెండు బెజ్జాలు వేయాల్సి వచ్చింది. ఛాసీ మీద నేను మిగిల్చిన గాయం అదొక్కటే, దానికి ఇప్పటికీ మనసు నొచ్చుకుంటుంది.

సరైన పద్ధతి: ముందు హెయిర్ డ్రయ్యరుతో ఐఎఫ్‌టీని గోరువెచ్చగా చేసి మైనం మెత్తబడనివ్వాలి. స్వెటర్లు అల్లే ప్లాస్టిక్ సూది కొసను ఆకురాయితో స్క్రూడ్రైవరులా అరగదీసి దానితో తిప్పాలి. కోరు కదలకపోతే ఆపేయాలి. ఇనప మొన అయితే కాయిల్ విలువ కూడా మారిపోయి, చెయ్యి తీయగానే సెట్టింగ్ తప్పుతుంది.

సిగ్నల్ జనరేటరు లేకుండా డయల్ సరిచేసిన తీరు:

1. వాల్వు సెట్టు తను పట్టే స్టేషను కంటే 455 కిలోహెర్ట్జ్ ఎక్కువలో లోపల ఒక సిగ్నల్ పుట్టిస్తుంది. పక్కన డిజిటల్ డయల్ ఉన్న చిన్న రేడియో పెడితే అది వినిపిస్తుంది.
2. ఆకాశవాణి విజయవాడ 837 కిలోహెర్ట్జ్. ముల్లు అక్కడ ఉంటే చిన్న రేడియోలో 1292 దగ్గర ఈల రావాలి. నాకు 1330 దగ్గర వచ్చింది.
3. 600 గుర్తు దగ్గర (1055లో వింటూ) ఆ సిగ్నల్ పుట్టించే ఆసిలేటరు కోరు, 1100 గుర్తు దగ్గర (1555లో వింటూ) ట్రిమ్మరు అనే చిన్న సర్దుబాటు కండెన్సరు, మార్చి మార్చి నాలుగు సార్లు. ఇంకా పైకి వెళ్తే చిన్న రేడియో మీడియం వేవ్ హద్దు దాటిపోతుంది.

ఐఎఫ్‌టీలను మాత్రం పగటిపూట సన్నగా వచ్చే స్టేషను పెట్టుకుని ఏజీసీ ఓల్టేజీ (స్టేషను ఎంత బలంగా వస్తే అంత పెరిగేది) చూస్తూ తిప్పాను. విజయవాడ మీద అది మైనస్ 3.1 నుంచి మైనస్ 7.4కి పెరిగింది. మా డయల్ మీద మీటర్లే పెద్ద అంకెల్లో ఉంటాయి, 837 అంటే 358 మీటర్లు. ముల్లు ఆ గీత మీద నిలబడ్డాక, వాల్యూం పెంచితే సెట్టు కుయ్యిమని అరిచింది. గ్యాంగ్ (స్టేషను మార్చే రేకుల కండెన్సరు) కింద రబ్బరు వాషర్లు రాయిలా గట్టిపడి, స్పీకరు అదురు గ్యాంగ్ రేకులకు తగులుతోంది. సైకిల్ ట్యూబు ముక్కలు రెండు పొరలు వేశాను. అరుపు పోయింది.

ఖర్చు: నైలాన్ 60, సూది 20, ఐఎఫ్‌టీ 350. మగ్గం తాడుకు బాబాయి డబ్బు తీసుకోలేదు.
మొత్తం ఇప్పటికి: రూ. 2,730, 32 గంటలు.

దశ 5: పెట్టె, గుడ్డ

పాత పాలిష్ స్పిరిట్ దూదికి కరిగింది, అంటే లక్క పాలిషే. అందుకే మళ్లీ అదే, లీటరు స్పిరిట్‌కు 150 గ్రాముల లక్క. సాయంత్రం వేసిన మొదటి రెండు పూతలు తెల్లారేసరికి పాలు ఒలికినట్టు తెల్లబడ్డాయి. సముద్రపు గాలి తేమ ఆరని పూతలో ఇరుక్కుంది. వట్టి స్పిరిట్‌తో మళ్లీ తుడిస్తే తెలుపు పోయింది. తర్వాత ఆరు పూతలూ ఉదయం పది తర్వాత, మూడు లోపు, కిటికీ మూసి వేశాను. పీయూ (పాలియురెథేన్) పాలిష్ అయితే ఒక్క రోజు పని, కానీ తర్వాత ఎవరైనా సరిచేయాలంటే మొత్తం గీకాలి.

స్పీకరు గుడ్డ చీకిపోయి, ఎండిన అరటాకు రంగులో ఉంది. కానీ ముందు చెక్కపట్టీ ఊడదీస్తే దాని కింద దాక్కున్న అంగుళం గుడ్డ నిన్న నేసినట్టుంది: మీగడ రంగు నేత, నాలుగు పోగులకొకటి గోధుమ పోగు, అంచున జరీ లాంటి మెరుపు. ఆ ముక్కను పట్టుకుని వెళ్లి బాబాయికి చూపించాను. మొదట తెచ్చిన గుడ్డ రంగు కలిసింది గానీ నేత బిగువు. ఫోనులో కొలిస్తే గుడ్డ లేనప్పటికన్నా 5 కిలోహెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్ తక్కువ. వార్తలు చదివేవారి ‘స’ అక్షరం మెత్తబడింది. రెండోది పలుచటి నేత, తేడా 1 డెసిబెలే. గుడ్డ కొనేముందు నోటి దగ్గర పెట్టుకుని ఊదండి, ఊపిరి అడ్డం లేకుండా పోవాలి.

డయల్ బల్బులు ఎల్ఈడీ వేయలేదు. 6.3 ఓల్టుల ఫిలమెంట్ బల్బులే. ఆ పసుపు వెలుగు అద్దం మీది అంకెల అంచుల్లోంచి పాకే తీరు వేరు.

ఖర్చు: లక్క, స్పిరిట్ 420, గరుకు కాగితం 80, గుడ్డలు 150, 180, జిగురు 60.
మొత్తం ఇప్పటికి: రూ. 3,620, 46 గంటలు.

దశ 6: ఏరియల్

ఇంట్లో తీగ పెడితే స్టేషను కన్నా బరబర ఎక్కువ. ఒక్కోటి ఆపుతూ వెతికాను: హాల్లో ఎల్ఈడీ బల్బు, రెండు ఫోన్ చార్జర్లు, ఇన్వర్టరు. డాబా మీద 12 మీటర్ల తీగ కట్టి, ఇన్వర్టరుకు దూరంగా దించాక విజయవాడ శుభ్రంగా వచ్చింది. పిడుగుల కాలంలో తీగ ఊడదీసి బయటే వదలాలి.

ఖర్చు: తీగ 150, ఇన్సులేటర్లు 40.
మొత్తం: రూ. 3,810, 49 గంటలు. అందులో వృథా: తప్పు కండెన్సర్లు 190, నైలాన్ 60, ఐఎఫ్‌టీ 350, మొదటి గుడ్డ 150, వెరసి 750. స్పేరుగా పడి ఉన్న ఈఎల్84ను ఈ వృథా లెక్కలో వేయలేదు.

రోజుకు రెండు గంటల చొప్పున మూడు వారాలు వాడాక మళ్లీ కొలిచాను. క్యాథోడ్ 6.7, గ్రిడ్డు 0.0, హైటెన్షన్ 256. ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి ఆనించి ఉంచగలుగుతున్నాను.

చీకటి పడ్డాక 738లో హైదరాబాద్ తేలుతూ వస్తోంది. షార్ట్ వేవ్ రెండో బ్యాండు ఇంకా పలకడం లేదు. బ్యాండ్ స్విచ్ మూడో పొరలో ఒక కాంటాక్టు వంగి ఉంది, దాన్ని అద్దం పెట్టి చూశాను గానీ ముట్టుకోలేదు. సన్నటి పట్టకారు కొన్నాక ఆ పని. పొద్దున ఆరింటికి మాత్రం నాకంటే ముందు అమ్మే లేచి ఆన్ చేస్తోంది. వాల్వులు వేడెక్కే ఆ అర నిమిషం దాని ముందు నిలబడి, పచ్చకన్ను తెరుచుకున్నాకే వంటింట్లోకి వెళ్తోంది.